సారు ఫొటోకు దండ

బావా,

నువ్వు మా నాచారం కంపెనీ ఇడిసిపెట్టి మంచిపని జేసినవ్. నిజం చెప్పినోళ్లందర్నీ ఎండీ సారు తీసేసిండు. ఆర్డర్లు లేక సగం మిషన్లు బందున్నయ్. అయినా నిన్న ఆయుధపూజకు మిషన్ల కన్నా ముందు సారు ఫొటోకే కొబ్బరికాయ కొట్టినం. నిన్నగాక మొన్న చేరిన సుదర్శన్ ఆ ఫొటోకు పెద్ద బంతిపూల దండ ఏసిండు. బతికున్న మనిషి ఫొటోకు దండ! అయినా అందరం చప్పట్లు కొట్టినం. సారేమో మురిసిపోయి, అక్కడికక్కడే వాణ్ని మేనేజర్ జేసిండు.

సారు ఏమన్నా ఇన్నేండ్లు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేను. ఆ ఉపాయం నాకెందుకు తట్టలే? కడుపు మండుతున్నది బావా.

నీ దగ్గర పని ఇప్పియ్యమని అడుగుదామనే ఈ ఉత్తరం మొదలువెట్టిన. ఇప్పుడొద్దు. వచ్చే వారం సారు పుట్టినరోజు. నువ్వుండే ఉప్పల్ల అంతకన్నా పెద్ద దండ ఏ దుకాణంల దొరుకుతదో జర రాయి.

నీ బామ్మర్ది