పట్టుగూళ్ళు ఎక్కిన కారు

జంగమకోటె, సోమవారం రాత్రి

సంతోషంతో నిద్ర రావడం లేదు. యుద్ధం వల్ల పెట్రోలుకు రేషను పెట్టారు, నెలకొక ఆదివారం షికారుకు కారెందుకు, అమ్మేయమని నా భార్య లక్ష్మమ్మ ఒకటే పోరు. చింతామణి నుంచి కొనేవాడొచ్చాడు. నడిపి చూపించేందుకే పెట్రోలు కాస్త మిగిల్చాను.

అంతలో బస్సు రాదని తెలిసింది. మేం పెంచిన పట్టుగూళ్ళు ఇవాళే శిడ్లఘట్ట అంగడికి చేరాలి, లేకుంటే పురుగులు గూళ్ళు చించుకుని బయటికొస్తాయి.

"గూళ్ళు కార్లో పెట్టండి," అంది లక్ష్మమ్మ. వచ్చినాయన ఒళ్ళోనూ ఒక గంప పెట్టి, తనూ ఎక్కింది. కారు ఎంత హుషారుగా పోయిందో!

అంగడి ముందు దిగి, "ఎంతకిస్తారప్పా?" అన్నాడాయన.

"గూళ్ళ ధర లోపల అడుగప్పా. కారు అమ్మేది యాడుండాది?" అంది లక్ష్మమ్మ.

కారు మాకే మిగిలింది. పెట్రోలు మాత్రం ఇక గూళ్ళకేనట. షికారుకు నన్ను నడిచి వెళ్ళమంది.