సంతోషి ఆడుతుంది

సాతంరాయి, జూన్ 2010

అన్నకు,

ఫోన్‌లో చెబితే మధ్యలోనే పెట్టేస్తావని రాస్తున్నాను. నిన్న రాజేంద్రనగర్‌లో మన సంతోషి జిల్లా జట్టు తరఫున మొదటిసారి బాస్కెట్‌బాల్ ఆడింది. ఊరివాళ్లం రెండు ఆటోల్లో వెళ్లాం. ఓడిపోయే ఆటను నీ కూతురే గెలిపించింది. అరిచి అరిచి నా గొంతు పోయింది. "గీ పిల్ల ఇండియాకు ఆడుతది, సూస్తుండు" అని పక్కింటి లచ్చమ్మ దారి పొడుగునా అంటూనే ఉంది.

సోమవారం రాష్ట్ర జట్టు ఎంపికకు రమ్మన్నారు. ఆ రోజు నుంచే నువ్వు దాన్ని ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనికి పొమ్మన్నావు. "బాపు మాట ఎట్ల కాదనాలె అత్తా?" అని అది బూట్లు విప్పి మూల పెట్టింది.

సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. దాని బదులు ఆ పనికి నేను పోతాను. జీతం వదిన చేతికే ఇస్తాను. సోమవారం పొద్దున్నే దాన్ని బస్సెక్కించాకే పనికి పోతాను. తిట్టాలనిపిస్తే నన్ను తిట్టు, దాన్ని మాత్రం ఆపకు.

నీ చెల్లెలు