కుట్కీ అంటే ఏటి

బర్మామైన్స్,
సెప్టెంబరు 6, శనివారం.

ప్రియమైన జగదాంబకు,

నీ భర్త భీమారావు సొంత చేత్తో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మన ఆవు చామంతి క్షేమం. నీకు ఈ వారంలో నలభై సార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ మీ అక్క సుధారాణి ఎత్తి, నువ్వు స్నానం చేస్తున్నావని చెప్పింది. టెల్కో కాలనీలో నీళ్ళు బాగా వస్తాయని తెలుసు గానీ, మనిషి రోజుకి ఆరు స్నానాలు చేసేటంత బాగా వస్తాయని తెలియదు. అందుకే కాగితం, కలం పట్టాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. పెళ్ళికి ముందు ఒకటి రాద్దామనుకున్నాను, మీ నాన్న చదివేస్తారని భయపడ్డాను. ఇప్పుడు మీ బావ పోలరాజు చదివేస్తాడని భయం. అతనే చదువుతున్నట్టయితే దయచేసి ఇక్కడితో ఆపమని మనవి.

ముందు శుభవార్త. నువ్వు వెళ్ళిన మూడో రోజు పొద్దున్న మన ఆవు లేచి నిలబడింది. ఆదివారం నాడు కాళ్ళు బిగుసుకుపోయి, నోట్లోంచి చొంగ కారుస్తూ, ఒళ్ళు పెనంలా కాలిపోతూ పడుకున్న జంతువు, మంగళవారం పొద్దున్న ఏమీ జరగనట్టు లేచి, ఆరేసిన నా బనీను నమలడం మొదలుపెట్టింది. నేను బనీను లాక్కోలేదు. తిననీ అని అక్కడే కూర్చుని ఏడ్చాను. ఈ సంగతి పోలరాజుకి చెప్పకు.

ఆ ఆదివారం గొడవ గురించి నువ్వు మీ అక్కకి ఇంకో రకంగా చెప్పి ఉంటావు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఆవిడకి కూడా చదివి వినిపించు. పశువుల డాక్టరమ్మ ఉజ్వల వచ్చింది. ఆవుని చూసింది, సూది వేసింది, నోట్లో ఏమీ పొయ్యొద్దంది, ఇప్పుడు మింగలేదు, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందంది. ఎందుకు వచ్చిందమ్మా ఈ రోగం అని అడిగాను. ఆ అమ్మాయి స్కూటరు స్టాండు తీస్తూ, "అంకిల్, యే కుట్కీ సే హోతా హై. కుట్కీ సే బచాకే రఖియే," అంది. కుట్కీ వల్ల వస్తుంది, కుట్కీ నుంచి కాపాడుకోండి అని. ముప్ఫై ఆరేళ్ళు కంపెనీ స్టోర్స్‌లో హిందీలో బతికినవాడిని, ఈపాటి హిందీ నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ పక్కన డబ్బా. డబ్బా మీద సాక్చీ బజారు కొట్టువాడి చీటీ, హిందీలో 'కుట్కీ' అని. పక్కన గిన్నెలో నల్లటి చేదు కషాయం. ఇది ఎవరు తెచ్చారు అని అడిగాను. నేనే అన్నావు. ఇంక అడగడానికి ఏముంది?

స్టోర్స్‌కీపరు అన్నవాడు చేసే పనే నేను చేశాను. మంచి సరుక్కి పచ్చ ట్యాగు, అనుమానం ఉన్నదానికి పసుపు, పనికిరానిదానికి ఎరుపు. నీ కషాయం గిన్నెకి ఎర్ర ట్యాగు తీగతో కట్టి, తేదీ వేసి, సంతకం పెట్టాను. 'రిజెక్ట్, కారణం: పశుహాని'. నువ్వు ఆ ట్యాగు రెండు సార్లు చదివావు. "ఏటి, నా గిన్నికి కూడానా? సర్లెండి. మా అక్క కాడికి ఎల్తన్నాను. మీరూ, మీ ట్యాగులూ ఉండండి," అని సంచి సర్దుకున్నావు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. నువ్వు మెల్లిగా అన్నావు, అది నాకు బాగా గుచ్చుకుంది.

సరే, అయిందేదో అయింది. ఆవుకి మందు పొయ్యాలని నువ్వు మంచికే చేశావు. తెలియక చేసిన తప్పు. నేను నిన్ను పూర్తిగా క్షమించేశాను. ఈ మాట నీకు సంతోషం కలిగిస్తుందని నమ్ముతున్నాను. ఉత్తరం ఆటో చినబాబు చేత పంపుతున్నాను. అతను సోమవారం మళ్ళీ అటే వస్తాడు, అదే ఆటోలో వచ్చెయ్.

ఇట్లు,
నిన్ను క్షమించిన నీ భర్త
భీమారావు


బర్మామైన్స్,
సెప్టెంబరు 10, బుధవారం.

జగదాంబా,

మొన్నటి ఉత్తరం చింపెయ్. ఇంకా చదవకపోతే చదవకుండా చింపెయ్. చదివేసి ఉంటే, మీ అక్కకి వినిపించేసి ఉంటే, నా ఖర్మ.

సోమవారం చినబాబు ఖాళీ ఆటోతో వచ్చి, నువ్వు ఆటో చూసి లోపలికి వెళ్ళిపోయావని చెప్పాడు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ చామంతిని చూడ్డానికి వచ్చింది. నా బుద్ధి చూడు, నీ కుట్కీ డబ్బాని సాక్ష్యంగా దాచి ఉంచాను. తెచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, ఇదేనమ్మా మీరు చెప్పిన కుట్కీ, మా ఆవిడ ఆవుకి పోసింది, ఇప్పుడు పుట్టింటివాళ్ళ దగ్గరకి పోయింది అని చెప్పాను. ఆ అమ్మాయి మూత తీసి వాసన చూసింది. నన్ను చూసింది. తర్వాత మన గుమ్మంలో ఉన్న నీ పీట మీద కూర్చుండిపోయి నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే ఆవు కూడా తల తిప్పి చూసింది.

"అంకిల్, యే తో జడీ-బూటీ హై," అంది. ఇది మూలిక అట. "మైఁ తో కీడే కీ బాత్ కర్ రహీ థీ." తను చెప్పింది పురుగు గురించి అట. హిందీలో ఈ మూలికా కుట్కీయే, ఆ పురుగూ కుట్కీయే. నేను ముప్ఫై ఆరేళ్ళు మాట్లాడిన హిందీలో బోల్టులు ఉన్నాయి, బేరింగులు ఉన్నాయి, యూనియన్ గొడవలు ఉన్నాయి, పురుగులు లేవు జగదాంబా. ఎవరూ నాకు ఇండెంట్ రాసి పురుగుని అడగలేదు.

ఆ అమ్మాయి చాలా మంచిది. నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, ఫోనుకి ఒక అద్దం తగిలించి, చామంతి పొట్ట మీద వాలిన దాన్ని చూపించింది. ఆవగింజలో సగం కూడా లేదు. రెక్కల మీద మచ్చలు. నేను ఇన్నాళ్ళూ దాన్ని నలుసు అనుకుని ఊదేసేవాణ్ణి. దోమా ఇది అంటే కాదంది. ఈగా అంటే, మామూలు ఈగ కాదంది. మరి ఏ ఖాతాలో పెట్టాలమ్మా అని అడిగాను. నాకు ఖాతా తెలియకపోతే నిద్ర పట్టదని నీకు తెలుసు. రెండు రెక్కల పురుగులన్నీ ఒక షెడ్డు అనుకోండి అంది. ఈగలు, దోమలు, ఇవి, అన్నీ ఆ షెడ్డులోవే. అందులో సెరటోపోగోనిడే అని ఒక ర్యాకు, ఆ ర్యాకులో క్యూలికాయిడిస్ అని ఒక బిన్ను. ఆ ఒక్క బిన్నులోనే పదమూడు వందల రకాలు పైగా ఉన్నాయట. మా స్టోర్స్‌లో వాషర్లు కూడా ఇన్ని రకాలు లేవు. అన్నీ పశువుల్ని కుట్టవు. కుట్టేవాటిలో కూడా ఆడవే కుడతాయి, గుడ్లు పెట్టడానికి నెత్తురు కావాలి కాబట్టి. ఇక్కడ నాకొక మాట తట్టింది గానీ, నా పరిస్థితి ఆలోచించి రాయడం లేదు.

మన చామంతికి వచ్చింది మూడు రోజుల జ్వరమట. పేరే అది. ఒక ఆవుని కుట్టి, ఆ నెత్తురుతో పాటు రోగం ఎక్కించుకుని, ఇంకో ఆవుకి దించుతుంది ఈ కుట్కీ. దోమలు కూడా ఆ పని చేస్తాయేమోనని అనుమానం ఉందట. గొర్రెలకి మూతి వాచి నాలుక నీలంగా మారే రోగం ఉంది చూడు, అది కూడా వీటి చలవే. ఒక పురుగు ఇన్ని రకాల సరుకు మోస్తుందని నాకు తెలియదు. మూడు రోజుల జ్వరం మట్టుకు చాలావరకు దానంతట అదే తగ్గుతుందట. అంటే మందు వల్ల తగ్గలేదు, నీ వల్ల రాలేదు, నా ట్యాగు వల్ల ఎవరికీ ఏ ఉపకారమూ జరగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. రాయకుండా పంపేద్దామనుకుని రెండు సార్లు కాగితం మడిచాను. ఇవి ఎక్కడ పుడతాయమ్మా అని అడిగాను. తడి పేడలో, బురదలో అంది. అని, మన పెరటి మూల చూసింది. నేనూ చూశాను. రెండు నెలల కిందట నువ్వు, "ఆ పేడ తీయించండి, నీల్లు నిలబడిపోతన్నాయి," అంటే, గొయ్యి తవ్వించి సిమెంటు చేయించి పద్ధతిగా చేద్దాం, అప్పటిదాకా ముట్టుకోకు అని చెప్పిన మూల అది. పసుపు ట్యాగు కట్టి, 'ప్లాన్‌లో ఉంది' అని రాసి పెట్టాను కదా. ఆ ట్యాగు మీద కూడా కుట్కీలు వాలి ఉన్నాయి. డాక్టరమ్మ ఆ ట్యాగు తిప్పి తేదీ చదివింది. తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న మనుషుల్ని పెట్టకుండా నేనే పార పట్టుకుని ఆ పేడంతా ఎత్తించాను. ఎత్తించాను అని ఎందుకు రాశానో, నేనే ఎత్తాను. నడుం పట్టేసింది. నీళ్ళు పోవడానికి కాలవ తీశాను. ఈ పురుగులు గాలికి ఎగరలేవట, మామూలు దోమతెర కన్నాల్లోంచి మాత్రం దూరిపోతాయట, అందుకని మన గదిలో ఉన్న స్టాండు ఫ్యాను తీసుకెళ్ళి చామంతికి పెట్టాను. సాయంకాలం వేపాకు పొగ వేస్తున్నాను. ఆవు హాయిగా ఉంది, నేను చెమటలో ఉన్నాను. పాలు మట్టుకు సగానికి సగం తగ్గాయి. డాక్టరమ్మ జ్వరం వల్ల అంది. నా లెక్కలో అది కాదు. నేను పితికేటప్పుడు చామంతి వెనక్కి తిరిగి చూస్తుంది, నన్ను చూసి మొహం తిప్పుకుంటుంది.

తప్పు నాది. ఇంత చిన్న మాట రాయడానికి నాకు రెండు పేజీల పురుగులు అవసరమయ్యాయి. వచ్చెయ్ జగదాంబా. శుక్రవారం చినబాబు వస్తాడు.

ఇట్లు,
నీ తెలివితక్కువ
భీమారావు


టెల్కో కాలనీ,
సెప్టెంబరు 12, శుక్రవారం.

శ్రీవారికి,

జగదాంబ రాస్తున్నది. చినబాబు గుమ్మంలో టీ తాగుతున్నాడు, అతను తాగేలోపు రాసెయ్యాలి. నేను రావడం లేదు, ఈ కాగితమే వస్తోంది.

మీ మొదటి ఉత్తరం మా బావ చదవలేదు, అక్క చదివింది. గట్టిగా చదివింది. 'నిన్ను క్షమించిన నీ భర్త' దగ్గర ఆపి, "ఏటే, మీ ఆయన కోర్టులో జడ్జీనా?" అని అడిగింది. రెండోది నేనొక్కదాన్నే చదువుకున్నాను. పేడ ఎత్తిన దగ్గర నవ్వొచ్చింది. నడుముకి ఆవనూనె కాచి రాయించుకోండి, పక్కింటి బంగార్రాజు గారిని అడిగితే రాస్తారు.

మీరు ఇంకా ఒక సంగతి తప్పుగానే రాశారు. నేను చామంతికి ఆ కషాయం పొయ్యలేదు. ఒక్క చుక్క కూడా పొయ్యలేదు. ఆవుకి నేను పెట్టేది తవుడు, బెల్లం. ఆ కషాయం మీది.

పోయిన సంవత్సరం మీకు కామెర్లు వచ్చి తగ్గాక, లివరు జాగ్రత్త అని డాక్టరు రాసిన మాత్రలు మీరు ఎన్నాళ్ళు వేసుకున్నారు? నాలుగు రోజులు. సీసాకి పసుపు ట్యాగు కట్టి బీరువా మీద పెట్టారు. మిమ్మల్ని బతిమాలే ఓపిక నాకు లేదు. సాక్చీ బజారులో కొట్టువాడు కుట్కీ మంచిదన్నాడు. డాక్టరుని కూడా అడిగాను, కొంచెంగా ఇస్తే తప్పు లేదన్నాడు. అప్పట్నుంచి పొద్దున్నే మీరు గొంతుకని తాగుతున్నది ఉత్త అల్లం కషాయం కాదు, ఇదే. చేదు తెలియకుండా బెల్లం, అల్లం కలిపి ఇచ్చాను. మీరు వీధిలో అందరికీ మనోబలంతోనే నాకు ఒళ్ళు కుదుటపడిందని చెప్పుకున్నారు. ఆ మనోబలాన్ని పొట్లం కట్టించి తెచ్చింది నేనే. ఆ ఆదివారం ఎవరి కోసం కాచావు అని మీరు అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. చెప్తే మీరు తాగడం మానేస్తారని కూడా అనిపించింది. మీరు అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు.

ట్యాగు కట్టారని కోపం రాలేదని చెప్పను, వచ్చింది. కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నా పప్పు డబ్బాలకి, నా పచ్చళ్ళకి, ఒకసారి నా దిండుకి కూడా ట్యాగు కట్టిన మనిషి మీరు. ఒక ట్యాగు కోసం ఇల్లు వదిలేదాన్నయితే ఎప్పుడో వదిలేదాన్ని. రెండు రోజులుండి వచ్చేద్దామనే సంచిలో రెండే చీరలు పెట్టుకున్నాను. ఇప్పుడు అక్క చీరలు కట్టుకుంటున్నాను, అవి నాకు పొట్టి.

మీ నుంచి ఒక్క ఉత్తరం వస్తే చాలు, ఆటో ఎక్కేద్దామని సంచి సర్ది పెట్టుకున్నాను. చదివి మళ్ళీ సంచి విప్పేశాను. రెండోది వచ్చింది, మళ్ళీ సర్దాను, మళ్ళీ విప్పాను. అక్క, "తప్పు నాది అన్నాడు కదే, ఇంకేటి కావాల నీకు?" అంది. దానికి అర్థం కాలేదు. మీకూ అర్థమై ఉండదు. మా నాన్నకి చదువు రాదు, ఊళ్ళో ఎవరి చేతో రాయించేవాడు. అయినా ప్రతి ఉత్తరంలో మొదటి మాట, మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాము అని ఉండేది. మీరు రెండు ఉత్తరాలు రాశారు. చామంతి ఎలా ఉందో రాశారు. కుట్కీకి ఎన్ని రకాలో రాశారు, దాని షెడ్డు, ర్యాకు, బిన్ను రాశారు. గొర్రె నాలుక రంగు కూడా రాశారు. నేనెలా ఉన్నానని ఎక్కడా అడగలేదు. వెనకా ముందూ తిప్పి చూశాను.

నాకు పెద్ద రోగమేమీ లేదు. మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. ఇక్కడ మంచం మెత్తగా ఉంది, నిద్ర పట్టడం లేదు. అన్నం దగ్గర కూర్చుంటే మీరు తిన్నారో లేదో అన్న ఆలోచన వస్తోంది, దానికి నామీద నాకే ఒళ్ళు మండుతోంది. అక్క ఎంత బాగా చూసుకున్నా ఇది అక్క ఇల్లు. నేను స్నానం చేస్తున్నానని అక్క మీకు చెప్పినప్పుడల్లా నేను ఫోను పక్కనే కూర్చుని ఉన్నాను.

చినబాబు గ్లాసు కింద పెట్టేశాడు. నేనిక్కడ క్షేమమేనని రాసి ముగిద్దామనుకున్నాను, అబద్ధం రాయలేకపోతున్నాను. నేనిక్కడ క్షేమంగా లేను. ఆటో పంపకండి, మీరే రండి.

మీ
జగదాంబ