పెరుగన్నంలో మాత్ర

రాయ్‌పూర్,
12-8-1995

ప్రియమైన వరహాలక్కా,

నువ్వు నర్సువని కాదు, నా అక్కవని రాస్తున్నాను. తిట్టాలనిపిస్తే మొత్తం చదివాక తిట్టు.

తిల్దా స్టేషను దగ్గర ఆ ఆడమనిషి ఈయన ఇంజన్ కింద పడి ఏడు నెలలయింది కదా. ఇప్పటికీ ప్రతి మలుపులోనూ పట్టాల మీద నిలబడి తనవైపే చూస్తోందంటారు. రైల్వే డాక్టరు దగ్గరికి పదండంటే రారు. మనసు జబ్బని కార్డులో రాస్తే ఇంజన్ దింపేస్తారట. డ్రైవరు కాకపోతే తనింక ఎందుకూ పనికిరాడట. అందుకే, మీ డాక్టరుతో రాయించి, ఆయనకు చెప్పి వెయ్యమని నువ్వు పంపిన ఆ పాతరకం మాత్రల్ని చెప్పకుండానే నూరి రోజూ పెరుగన్నంలో కలిపాను. నిద్ర పట్టింది. నోరెండిపోతోందని చెంబులకొద్దీ నీళ్లు తాగినా, నాలుగు ముద్దలు తింటున్నారని మురిసిపోయాను.

సోమవారం సూరిబాబు వచ్చాడు, ఈయన అసిస్టెంటు. “అన్నయ్యకి బిల్కుల్ హోష్ లేదు వదినా, ఇంజన్లోనే నిద్రపోయాడు. ఎదర ఎర్ర సిగ్నలు. నేను బ్రేకు లాగకపోతే అంతా ఖతం. మనోడని రిపోర్టు చెయ్యలేదు” అన్నాడు. ఆయన డ్యూటీ పెట్టె వెతికితే జెండాల కింద కొత్తరకం కాప్సూళ్లు, ఒక ప్రైవేటు డాక్టరు చీటీ. నాకు తెలియకుండా ఆయనా మందు వాడుతున్నారు!

చీటీ పట్టుకుని ఆ డాక్టరు దగ్గరికే వెళ్లాను. మనసును తేలికపరచడంలో రెండు మందులూ ఇంచుమించు ఒకటేనట. పాతది మత్తు, గుప్పెడు మింగితే గుండె ఆగుతుందట. కొత్తదానికి మత్తూ తక్కువే, ప్రాణభయమూ తక్కువే. కాకపోతే మొదట్లో కుదురుగా ఉండనివ్వదట. రెండూ కలిస్తే పాతది ఒంట్లో పేరుకుపోతుందని చెప్పి, ఎవరిచ్చారని అడిగాడు. చీటీ తీసుకుని బయటికొచ్చేశాను.

మాత్ర కలపడం మానేశాను. ఆయనకు మాత్రం చెప్పను. చెబితే ఇంక నా చేతి అన్నం తినరు. సూరిబాబూ నోరు విప్పడు. అక్కా, ఆ ఆడమనిషి ఇప్పుడు నాకూ కనిపిస్తోంది.

నీ చెల్లెలు,
సుభద్ర


రాయ్‌పూర్,
24-8-1995

వదినగారికి భీమారావు నమస్కారాలు.

నేను ఇంజన్ దిగిపోయాను. నిద్రపోయిన సంగతీ, పట్టాల మీద కనిపించే మనిషి సంగతీ రైల్వే డాక్టరుకు నేనే చెప్పేశాను. సూరిబాబు నామీద మండిపడ్డాడు. కానీ ఆ ఎర్ర సిగ్నలు అవతల ప్యాసింజరు బండి ఆగి ఉంది వదినగారూ, నిండా జనంతో. దాచుకుని ఎలా బతకను?

అది విని సుభద్ర పెరుగన్నం సంగతి ఒప్పుకుంది. డాక్టరు కొత్తమందొక్కటే ఉంచాడు. ఇప్పుడు షెడ్డులో కాగితాల పని చేస్తున్నాను.

తనకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. అన్నం చేదు నాకు మొదటిరోజే తెలిసింది. మందని తోచలేదు. నాతో విసిగిపోయి విషం పెడుతోందనుకున్నాను. పొద్దున బతుకుదామని కాప్సూల్ వేసుకునేవాణ్ణి. రాత్రి ఆ కంచం ముందు కూర్చుని ఒక్క మెతుకు వదలకుండా తినేవాణ్ణి. అడిగితే ఎక్కడ మానేస్తుందోనని అడగలేదు.

ఇది డాక్టరుకు ఇంకా చెప్పలేదు. మీరొకసారి రండి. పక్కన మీరుంటే చెప్పగలను.

మీ మరిది,
భీమారావు