భోజనం చేశాక మూడు గంటలు

సెనిగల్లియా, ఇటలీ, ఆదివారం సాయంత్రం

అమ్మా, నేను క్షేమం. తిండికేమీ లోటు లేదు, గొడవంతా ఆ తిండితోనే.

చదువుకోడానికి వచ్చిన నన్ను ఈ ఏడాదికి తన ఇంట్లో కూతురిలా పెట్టుకున్న ఓర్నెల్లా గారిది ఒకటే చట్టం. భోజనమయ్యాక మూడు గంటలదాకా సముద్రంలో కాలు పెట్టకూడదట. "కడుపు పట్టేసి మునిగిపోతావే తల్లీ!" అంటుంది. ఎవరితో? ఫిన్లాండులో సరస్సు ఒడ్డున పుట్టి, నడక కంటే ముందు ఈత నేర్చుకున్న నాతో! నిన్న ఇసుకలో గొడుగు కింద రెండున్నర గంటలు గడియారం చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ఆవిడే పీచ్ పండు కోసి చేతిలో పెట్టింది. పెద్దవాళ్లు పెడితే కాదనకూడదన్నావుగా, తిన్నాను. "అయ్యో, పండు తిన్నావుగా! ఇంకో గంట ఆగు" అంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

అందుకే ఇవాళ ఆకలి లేదని చెప్పి, వాళ్లు తింటూండగానే వెళ్లి నీళ్లలో దూకాను. దూరంగా ఈదుతుంటే ఒడ్డు నుంచి ఆవిడ ఒకటే కేకలు. "ఖాళీ కడుపుతో ఈదితే కళ్లు తిరుగుతాయి, బుద్ధుందా నీకు?" ఇంక నేను ఈదేదెప్పుడే అమ్మా?

నాకు ఈత బాగా వచ్చని ఆవిడకో ముక్క రాయి. పోటీలో గెలిచిన ఫోటో కూడా పంపు. పడవకి తారు పూశారా? నా సైకిల్ ముట్టుకుంటే ఊరుకోనని తమ్ముడు యోర్మాతో చెప్పు. నాన్నని అడిగానని చెప్పు.

ఆవిడకి మాత్రం మరీ గట్టిగా రాయకు. ఇవాళ ఈది వెనక్కి వచ్చి చూస్తే, చెప్పులతోనే నడుం లోతు నీళ్లలో నిలబడి ఉంది. ఆవిడకి ఈత రాదు. పైగా అప్పుడే భోజనం చేసింది.

నీ ఇర్మెలి