పక్కటెముకల మధ్య నుంచి

దుర్దీ అన్నా,

నిన్నటి నుంచి ఇక్కడ దుమ్ముగాలి. అయినా పత్తి తీత ఆపలేదు. ఓడలో నీకు ఫోను అందడం లేదని రేవు ఆఫీసుకు రాస్తున్నాను.

అమ్మ అన్నవాహికలో ఉన్నది క్యాన్సరేనని తేలింది. ఆపరేషన్‌కు రెండు పద్ధతులున్నాయట, రెండింటిలోనూ చిన్న రంధ్రాలే. పక్కటెముకల మధ్య నుంచి వెళితే జబ్బు పాకిన చోట్లు కూడా బాగా తీయవచ్చు, కాని ఒక ఊపిరితిత్తిని కాసేపు ఆపాలి. పొట్ట నుంచీ మెడ నుంచీ వెళితే దాని జోలికి పోరు, కాని జబ్బు కొంత మిగిలిపోవచ్చు. తందూరు పొగకు అమ్మ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. మొదటి పద్ధతిలో బల్ల మీదే ప్రాణం పోవచ్చని గోంబద్ ఆసుపత్రి డాక్టరు దాచకుండా చెప్పాడు.

పెద్దకొడుకు మాట వచ్చేదాకా ఆగుదామని బంధువులన్నారు. ఎవరి టీ కూజా వాళ్ళ ముందుంది. అమ్మ తన టీ చల్లారేదాకా ఆగుతుంటే జెమాల్ పిన్ని, "ఏమక్కా, చల్లటి టీ తాగే తుర్క్‌మెన్‌ని ఇప్పుడే చూస్తున్నా" అంది.

"చూసుకో, టికెట్టేం లేదు" అంది అమ్మ. మావైపు తిరిగి, "దుర్దీ ఎప్పుడొస్తాడో, ఇదెప్పుడు మూసుకుపోతుందో. గొంతు నాది. పక్కటెముకల్లోంచే తీయమనండి. సగం తీయించుకోడానికి అంత దూరం పోవాలా?" అంది.

ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద నీ బదులు నేను సంతకం చేశాను.

అమ్మ, పిన్ని ఈ ఉదయం మొదటి బస్సుకు గోంబద్ వెళ్ళారు.