మీ తమ్ముడి పళ్లెం

వదినా, అక్కడ అందరూ క్షేమమని తలుస్తాను.

మీ తమ్ముడికి షుగర్ ఎక్కువైందని డాక్టరు అన్నం తగ్గించమన్నారు కదా. అత్తయ్య అన్నం మొత్తం మాన్పించి, మూడు పూటలా గోధుమ సేమ్యా కొండలా వడ్డించమంటున్నారు.

"గోధుమేగా, ఎంత తింటే అంత బలం. వెయ్యవే, నీ సొమ్మేం పోయింది?" అంటారు.

గుప్పెడు సేమ్యాకు రెండు గుప్పెళ్ల కూరగాయలు కలపమని ఆసుపత్రిలో నర్సు చెప్పింది. కలిపితే ఈయన ముక్కలన్నీ ఏరి పళ్లెం అంచున పేరుస్తారు. "నేనేమన్నా మేకనా?" అట! తల బాదుకోవాలనిపిస్తోంది.

కాలి పుండు ఇంకా మానలేదు, వదినా. మీ మాటకు అత్తయ్య ఎదురు చెప్పరు. సేమ్యా అయినా కొంచెమే పెట్టాలని మీరు చెప్పండి. నేను రాశానని మాత్రం చెప్పకండి.

వద్దు, చెప్పండి. రేపటి నుంచి గరిటె నా చేతిలోనే ఉంటుందని కూడా చెప్పండి.

మీ మరదలు